కత్తెర ఎవరి చేతిలో?

ఎడిటింగ్ పాఠాలు చెప్పిన సోవియట్ దర్శకుడు పుదోవ్‌కిన్ చివరికి పార్టీ చెప్పినట్టు తన సినిమానే మార్చుకోవాల్సి వచ్చింది

ఢిల్లీ శివార్లలోని నోయిడా ఫిల్మ్‌సిటీ పేరుకే సినిమా నగరం. అక్కడ ఎక్కువగా కనిపించేవి వార్తా చానళ్లే. వాటి ఎడిటింగ్ గదుల్లో ఉండే శక్తి అంతా ఇంతా కాదు. చిరునవ్వుతో ఉన్న ఓ నాయకుడి పక్కన వరద బాధితుల దృశ్యం పెడితే ఆయన కఠినాత్ముడు. పెళ్లిపందిరి పెడితే ఇంటి పెద్ద. మారింది పక్కనున్న షాట్ మాత్రమే. ఈ కిటుకును దాదాపు వందేళ్ల క్రితమే ప్రపంచానికి విడమరిచి చెప్పినవారిలో ముఖ్యుడు వ్సెవొలోద్ పుదోవ్‌కిన్.

1893లో రష్యాలోని పెంజాలో పుట్టిన ఆయన మాస్కోలో చదివింది భౌతిక, రసాయన శాస్త్రాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి జర్మన్లకు బందీగా చిక్కారు. తిరిగొచ్చాక గ్రిఫిత్ తీసిన 'ఇన్‌టాలరెన్స్' చూసి సినిమా బాట పట్టారు. గురువు లెవ్ కులెషోవ్‌తో కలిసి చేసిన ప్రయోగం సినీ చరిత్రలో నిలిచిపోయింది. ఏ భావమూ లేని ఒకే నటుడి ముఖాన్ని సూప్ గిన్నెతో, శవపేటికలోని స్త్రీతో, బొమ్మతో ఆడుకునే పాపతో జతచేశారు. ఆలోచన, దుఃఖం, మురిపెం అద్భుతంగా పలికించాడని ప్రేక్షకులు ఆ నటుణ్ని మెచ్చుకున్నారని పుదోవ్‌కిన్ రాశారు.

క్రొవ్విడి లింగరాజు అనువాదంతో తెలుగువారికి దగ్గరైన గోర్కీ 'అమ్మ'ను ఆయన 1926లో తెరకెక్కించారు. రేపే స్వేచ్ఛ అని జైల్లోని కొడుక్కి చీటీ అందుతుంది. ఆ ఆనందాన్ని చూపడానికి ఆయన నటుడి ముఖం మీదే ఆధారపడలేదు. కదలాడే చేతులు, పెదవి అంచున నవ్వు, వసంతంలో ఉరకలేసే వాగు, నీళ్లలో పక్షులు, నవ్వే పసివాడు... వీటన్నిటినీ కలిపి కూర్చారు.

ఆయన పాఠాలు 1929లో ఇంగ్లీషులో వచ్చాయి. 'పథేర్ పాంచాలి' తీయకముందే సత్యజిత్ రాయ్ వాటిని చదివారు. 1951లో నటుడు నికొలాయ్ చెర్కాసోవ్‌తో కలిసి పుదోవ్‌కిన్ భారత్‌లో పర్యటించారు కూడా.

అప్పటికే ఆయనకు గట్టి దెబ్బ తగిలి ఉంది. 1946 సెప్టెంబర్‌లో కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ ఆయన 'అడ్మిరల్ నఖిమోవ్' మీద విరుచుకుపడింది. నౌకా సేనాని కథలో విందులు, నాట్యాలే ఎక్కువయ్యాయన్నది అభియోగం. అదే తీర్మానం ఐజెన్‌స్టీన్ 'ఇవాన్ ద టెరిబుల్' రెండో భాగాన్నీ తప్పుబట్టింది. పుదోవ్‌కిన్ తలొంచారు. చిత్రాన్ని సవరించి విడుదల చేశారు. 1947లో స్టాలిన్ బహుమతి వరించింది. ఐజెన్‌స్టీన్ 1948లో కన్నుమూశారు. ఆయన సినిమాకు మోక్షం దక్కింది 1958లో.

స్టాలిన్ పోయిన కొద్ది నెలలకే, 1953 జూన్ 30న పుదోవ్‌కిన్ మరణించారు. సవరించుకోవడం పిరికితనమా, బతుకుతెరువా? ఆ రోజుల్లో కాదన్నవారికి ఏం జరిగేదో తెలిసినవారు తొందరపడి తీర్పు చెప్పలేరు. ఒకటి మాత్రం నిజం. దృశ్యాల కూర్పుతో అర్థాన్ని మార్చవచ్చని నేర్పిన మనిషికి, ఆ కూర్పును శాసించే చేయి మరొకరిది కావచ్చని జీవితం నేర్పింది. తెర మీద ముఖం చూసి నమ్మే ముందు దాని పక్కన ఏం పెట్టారు, ఏం తీసేశారు, ఎవరు చెబితే తీసేశారు అని అడగాల్సింది ప్రేక్షకుడే.