సామ్య భేద వివేచనము: తరగతిలో ఒక బోధన క్రమము

భాషా సాహిత్యముల పరీక్షలలో తఱచుగా కనబడు ప్రశ్నలలో 'సామ్య భేదములను వివరింపుడు' అనునది యొకటి. దానికి వచ్చు సమాధానములు సాధారణముగా రెండు పట్టికలుగా నుండును: ఒకవైపు పోలికలు, మఱియొకవైపు భేదములు. అందు ఒక్కొక్క అంశము విడిగా చూచిన సత్యమే కావచ్చును. కాని ఆ పోలికవలన ఏమి సిద్ధించినది, ఆ భేదమువలన ఏమి తొలగినది అని అడిగినచో విద్యార్థి మిన్నకుండును. పోలికను చూచుట వేఱు, దాని విలువను నిర్ణయించుట వేఱు. మొదటిది సహజముగనే అలవడును. రెండవదానిని మనము నేర్పవలసియున్నది. అందులకు అనువగు క్రమమును ద్రావిడ భాషల పదముల నాధారముగా గొని యిచట వివరింప బూనుచున్నాము.

మన శాస్త్రకారులు ఈ విషయమున మార్గమును చూపియే యున్నారు. ఉపమాలంకారమునకు ఉపమేయము, ఉపమానము, సాధారణ ధర్మము, ఉపమావాచకము అని నాలుగంగములు. సాధారణ ధర్మమును కవి వాచ్యము చేయకున్నను అది పాఠకునకు స్ఫురింపవలెను. లేనిచో ఉపమ నిలువదు. వైశేషికులును పదార్థ వివేచనమునకు సాధర్మ్య వైధర్మ్యములను సాధనములుగా గ్రహించిరి. కావున తరగతిలో మొదటి నియమము ఇది: ఏ ధర్మమునుబట్టి పోల్చుచున్నాడో విద్యార్థి ముందుగా చెప్పవలెను. 'తెలుగు కన్నడములు పోలియున్నవి' అనునది అసంపూర్ణమైన వాక్యము. లిపినిబట్టియా, పదజాలమునుబట్టియా, ధ్వనులనుబట్టియా, వ్యాకరణమునుబట్టియా? ఒక్కొక్క ప్రశ్నకు సమాధానము వేఱు.

ఇక ఉదాహరణము. నల్లబల్లపై పాలు, పులి, పువ్వు, పది అను తెలుగు పదములను వ్రాసి, వాని కెదురుగా పాల్, పులి, పూ, పత్తు అను తమిళ పదములను, హాలు, హులి, హూవు, హత్తు అను కన్నడ పదములను వ్రాయుదము. మొదటి అక్షరము కన్నడమున మాఱినదని విద్యార్థులు వెంటనే చెప్పుదురు. అచటితో ఆగరాదు. 'పగలు' అను పదమునకు కన్నడమున ఏ రూపముండునో ఊహింపుడని అడుగవలెను. 'హగలు' అని వారు చెప్పగలిగిన క్షణముననే భేదము పట్టికలోని అంశముగా గాక నియమముగా మాఱును. పిమ్మట 'పాము' నడిగినచో 'హాము' అందురు. కన్నడ రూపము 'హావు'. పదాదిని గూర్చిన ఊహ ఫలించినది, మధ్యనున్న ధ్వనిని గూర్చినది ఫలింపలేదు. తమిళమున 'పాంబు' అని చూపినచో తరువాతి ప్రశ్న దానంతట అదియే పుట్టును. హళగన్నడ కావ్యములందు ఈ పదములు పకారముతోనే యుండుటను చూపినచో ఏ రూపము పూర్వమో, ఏది పరమో కూడ తేలును.

రెండవ మెట్టున పుస్తకము, పుష్పము అను పదములను వ్రాయవలెను. కన్నడమున ఇవి పుస్తక, పుష్ప. పకారము మాఱలేదు. నియమము భగ్నమైనదని విద్యార్థులు తలంతురు. నిజమునకు ఇవి సంస్కృతమునుండి గైకొన్న తత్సమములు. 'పాలు-హాలు' కంటె 'పుస్తకము-పుస్తక' యనునవి ఎక్కువ పోలియున్నను, భాషల జ్ఞాతిత్వమునకు అవి సాక్ష్యము కావు. పోలిక హెచ్చినకొలది సాక్ష్యము బలపడునను భ్రమ ఇచట తొలగవలెను. పారసీకమునందును ఆంగ్లమునందును 'చెడ్డ' అను అర్థమున 'బద్', 'బ్యాడ్' అను శబ్దములు కలవు. వానికి జన్యజనక సంబంధము గాని జ్ఞాతిత్వము గాని లేదు. యాదృచ్ఛికము, ఆదానము, జ్ఞాతిత్వము అను మూడు కారణములలో ఏది ప్రకృతమో తేల్చిన గాని సామ్యమునకు అర్థము లేదు.

మూడవ మెట్టు అపవాదముల విచారణ. తెలుగు 'చెవి'కి తమిళమున 'చెవి', కన్నడమున 'కివి'. తెలుగు తమిళములలో కకారము చకారమైనదని విద్యార్థులు సూత్రింతురు. కాని 'చెడు'నకు తమిళమున 'కెడు', 'చిలుక'కు 'కిళి'. తమిళమున పరమందు మూర్ధన్య వర్ణమున్నపుడు కకారము నిలిచినదని గుర్తించినచో అపవాదమును నియమమున భాగమే యగును.

కడపటి మెట్టు మిక్కిలి ముఖ్యము. లిపిసామ్యమును, చిరకాల సాన్నిహిత్యమును చూచి తెలుగునకు కన్నడమే అత్యంత సన్నిహితమైన సోదరభాష యని పలువురు విద్యార్థులు వ్రాయుదురు. కాని తమిళమున 'ఇరణ్డు', కన్నడమున 'ఎరడు' అను రూపములుండగా తెలుగున 'రెండు', గోండీలో 'రండ్' అని యున్నవి. పదాది అచ్చు స్థానభ్రంశము నొందుట వంటి నూతన పరిణామములు తెలుగును గోండీ, కూయి భాషల సరసన నిలుపుచున్నవి. అందువలననే తెలుగును దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో చేర్చుట నేడు విరివిగా అంగీకరింపబడినది. పూర్వరూపము నిలిచియుండుటచే కలిగిన పోలిక వేఱు, కలిసి మాఱుటచే కలిగిన పోలిక వేఱు; శాఖా నిర్ణయమునకు రెండవదియే ప్రమాణము. క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు 1816లో ఎల్లిస్ వ్రాసిన పీఠిక మొదలు, కాల్డ్‌వెల్ గ్రంథము (1856), బరో ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి కోశము (1961), అదే సంవత్సరమున వెలువడిన భద్రిరాజు కృష్ణమూర్తి గారి క్రియాధాతు పరిశీలనము వఱకు జరిగిన కృషి అంతయు ఈ వివేచనము క్రమముగా సూక్ష్మమగుటయే.

ఈ శిక్షణము భాషాశాస్త్రమునకే పరిమితము కాదు. ఇరువురు ప్రబంధకవులు సూర్యాస్తమయమును వర్ణించిరి గాన ఒకరిని ఒకరు అనుకరించిరని వ్రాయు పరిశోధక విద్యార్థి 'పుస్తకము-పుస్తక' యను పోలికను చూపినవాడే. అష్టాదశ వర్ణనలు ఉమ్మడి సొత్తు. సంప్రదాయమునుండి ఇరువురును ఒకే తీరున తొలగినచోట మాత్రమే ప్రభావ చర్చకు తావు కలదు. కావున ఉపాధ్యాయులు ప్రశ్నపత్రమున 'సామ్య భేదములను వివరింపుడు' అనుటతో ఆగక, 'ఏ ధర్మమునుబట్టి? ఏ కారణమున? దానివలన ఏమి తేలినది?' అను మూడింటిని చేర్చుట మేలని మా యభిప్రాయము. అట్లు చేర్చినచో పట్టికలు తగ్గి, విచారణ పెరుగును.