వేళ నెఱిగిన యంత్రము



చెఱువు నిండిన యేట నీరుగంటివానికి ఎంతటి బాధ్యత యుండెడిదో తమ రెఱుంగనిది కాదు. ఏ మడికి ఏ వేళ నీరు విడువవలెనో, ఎప్పుడు కట్టవలెనో, ఆ లెక్క యంతయు నాతని తలలో నుండెడిది. రైతు నిద్రించినను నీరు వంతు తప్పక పొలము చేరెడిది. నేటి కంప్యూటరులందును ఇట్టి నీరుగంటి యొకడు కలడు. వానిని గూర్చి నేడు కొంత మనవి చేసెదను.

మన పూర్వులు అడుగున సన్నని బెజ్జము గల గిన్నెను నీటిపై దేల్చి, అది మునుగుటను బట్టి గడియ నెఱుంగుచుండిరి. గడియ యనగా 24 నిమిషములు. గిన్నె మునిగినప్పుడెల్ల ఒకడు కనిపెట్టి దానిని మరల దేల్చవలెను. కంప్యూటరులో నొక చిన్న స్ఫటికము ఎడతెగక స్పందించుచుండును. ఆ స్పందనములను లెక్కించి యంత్రము కాలము నెఱుంగును.

1970వ దశకమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు యునిక్సు అను వ్యవస్థలో భాగముగా క్రాన్ అను చిన్న ప్రోగ్రాము పుట్టినది. 1987వ సంవత్సరమున పాల్ విక్సీ వ్రాసిన రూపము మిక్కిలి వ్యాప్తి నొందినది. దీనికి మన మొక పట్టిక నీయవలెను. ప్రతి పంక్తియందును నిమిషము, గంట, తేది, నెల, వారము అను అయిదు గుర్తు లుండును. పిమ్మట చేయవలసిన పని యుండును. క్రాన్ నిమిషమున కొకమాఱు మేల్కొని, పట్టిక చూచి, వేళయైన పనిని నడపి, మరల నిదురించును.

ఇందు మూడు మెలకువలు కలవు. మొదటిది: పని ముగిసిన పిదప గంట లెక్కింపరాదు. పనికి 5 నిమిషములు పట్టినచో, 12 మాఱు లగునప్పటికి గంట వెనుకబడును. కావున గడియారమును బట్టియే నడువవలెను. రెండవది: వేళకు యంత్రము ఆగియున్నచో క్రాన్ ఆ పనిని విడిచివేయును. తప్పిన పనిని మేల్కొనిన పిమ్మట చేయుటకు అనాక్రాన్ అను వేఱొక ప్రోగ్రాము కలదు. మూడవది: మొదటి పని ముగియకమునుపే రెండవ వంతు రావచ్చును. అప్పుడు తలుపునకు గడియ పెట్టినట్లు, మొదటిది ముగియువఱకు రెండవదానిని ఆపవలెను.

ఇది మనకేల యందురా? కంబదూరు మెట్ట ప్రాంతము. వాన తక్కువ, బోరే యాధారము. 2004వ సంవత్సరమున సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. అది నియమిత వేళలందే వచ్చుచుండును. రాత్రివేళ మోటారు వేయబోయి పాముకాటునకో, విద్యుద్ఘాతమునకో గుఱియైన రైతు లెందఱో కలరు. అందుచే కరెంటు రాగానే మోటారును నడపు ఆటో స్టార్టరులు వచ్చినవి. ఇప్పుడు ఫోనునుండి వేళ నిర్ణయింపదగినవియు కలవు.

అయితే ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటారు లన్నియు ఒక్క క్షణముననే లేచినచో నేమగును? మోటారు లేచునప్పుడు మామూలునకు పలు రెట్లు కరెంటు లాగును. అన్నియు నొక్కసారి లాగినచో ట్రాన్స్‌ఫార్మరు కాలును, పైరు ఎండును. దీనికి మందు సులభము. ఒకరిది ఒక నిమిషమునకు, పొరుగువారిది రెండు నిమిషములకు, ఇట్లు ఎడమెడముగా లేచునట్లు స్టార్టరునందలి ఆలస్యమును అమర్చవలెను.

మఱియొక మాట. స్టార్టరు వేళ నెఱుంగును గాని నీటి నెఱుంగదు. బోరు వట్టిపోయినను అది మోటారును త్రిప్పుచునే యుండును, మోటారు కాలును. నీరు లేనప్పుడు మోటారు నాపు రక్షణసాధనము దానికి జతపఱచుట యవసరము. నీరుగంటివాడు వంతు నొక్కదానినే గాక చెఱువు మట్టమును గూడ చూచెడివాడు గదా!

కావున ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులెల్లరును రచ్చబండ కడ గూర్చుండి, ఎవరి మోటారు ఎన్నవ నిమిషమున లేవవలెనో యొక కాగితమున వ్రాసికొనునట్లు తమవంటి పెద్దలు చెప్పవలెను. పట్టిక వ్రాయుట మనుష్యుని పని. దానిని తప్పక నడపుట యంత్రము పని.