దరఖాస్తు దగ్గరే ఆగుతున్న చదువు
ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో సదుపాయాలెన్నో.. తెలిసినవారికే దక్కుతున్న తోడ్పాటు

మహబూబ్‌నగర్: ఉదయం ఎనిమిదిన్నర దాటిందంటే మహబూబ్‌నగర్, జడ్చర్ల బస్టాండ్లు పుస్తకాల సంచులతో నిండిపోతాయి. కోయిలకొండ, నవాబుపేట, మిడ్జిల్, దేవరకద్ర మండలాల పల్లెల నుంచి వచ్చే ఈ యువతీ యువకుల్లో చాలామంది తమ ఇంట్లో కళాశాల గడప తొక్కిన తొలి మనుషులు. తల్లిదండ్రులు పుణె, ముంబయి, హైదరాబాద్ నగరాలకు మట్టి పనులకో, భవన నిర్మాణ పనులకో వలస వెళ్తే అవ్వాతాతల దగ్గర ఉండి చదువుకుంటున్నవారూ వీరిలో ఉన్నారు. వీరి కోసం ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు ఏర్పాటు చేసిన సదుపాయాలు తక్కువేమీ కాదు. బోధన రుసుం, వసతిగృహం, బస్సు పాసు, నైపుణ్య శిక్షణ, ఎన్‌ఎస్‌ఎస్, ఫిర్యాదుల కమిటీ అన్నీ ఉన్నాయి. అయితే ఇవన్నీ ఒకేచోట దొరకవు. ఒకటి మీసేవలో, ఒకటి బ్యాంకులో, మరొకటి సంక్షేమ శాఖ కార్యాలయంలో, ఇంకొకటి కళాశాల గోడకు అంటించిన నోటీసులో ఉంటాయి. ఇంట్లో చెప్పేవారు లేని విద్యార్థి ఈ నాలుగింటి మధ్య తిరిగి తిరిగి అలసిపోతున్నాడు. మొదటి ఏడాది దసరా సెలవులకు ఇంటికి వెళ్లి మళ్లీ రానివారి గురించి ఆరా తీస్తే ఇలాంటి కారణాలే బయటపడుతుంటాయి.

పేరులో అక్షరం తేడా వచ్చినా..

డిగ్రీలో చేరేందుకు తెలంగాణలో 2016 నుంచి 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌లో ప్రవేశాలు జరుగుతున్నాయి. సీటు రాగానే పని పూర్తయిందని విద్యార్థులు భావిస్తారు. ఉపకార వేతనానికి ఈ-పాస్ వెబ్‌సైట్‌లో విడిగా దరఖాస్తు చేసుకోవాలన్న సంగతి కొందరికి గడువు ముగిసే వేళకు గానీ తెలియదు. కుటుంబ వార్షికాదాయం ఎస్సీ, ఎస్టీలకు రూ.2 లక్షలలోపు ఉండాలి. బీసీ, ఈబీసీ, మైనారిటీలకు గ్రామాల్లో రూ.1.50 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు పరిమితి. అర్హులకు రెండు రకాల సాయం అందుతుంది. ఒకటి బోధన రుసుం, రెండోది విద్యార్థి సొంత ఖర్చులకు ఇచ్చే నిర్వహణ భత్యం. వాడుకలో మొదటిదాన్ని ఆర్టీఎఫ్, రెండోదాన్ని ఎంటీఎఫ్ అంటారు.

కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, బోనఫైడ్ పత్రం సిద్ధం చేసుకుంటే దరఖాస్తు నింపడం పెద్ద పనేం కాదు. చిక్కంతా ఆ పత్రాల్లోనే ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటే దరఖాస్తు ముందుకు కదలదు. పుట్టిన తేదీ తేడా వచ్చినా అంతే. ఆధార్ కేంద్రంలో సవరించుకోవాలంటే ఒక రోజు తరగతి పోతుంది, సవరణ జరిగి కొత్త వివరాలు రావడానికి మరికొన్ని రోజులు పడుతుంది. ఆదాయ ధ్రువపత్రం సంగతి మరోలా ఉంటుంది. మీసేవలో దరఖాస్తు చేశాక ఆర్ఐ విచారణకు వస్తారు, ఆపై తహసీల్దారు ఆమోదించాలి. తల్లిదండ్రులు ముంబయిలో ఉంటే విచారణకు వచ్చినవారికి సమాధానం చెప్పేందుకు ఇంట్లో అవ్వ తప్ప ఎవరూ ఉండరు. వలస కుటుంబాల విద్యార్థులు ఊళ్లో బోనాలకో, దసరాకో అమ్మానాన్నలు వచ్చినప్పుడే ఈ పని ముగించుకోవడం మేలు.

దరఖాస్తు కాగితాలను కళాశాల కార్యాలయంలో అందజేశాక గుమాస్తా సరిచూసి సంక్షేమ శాఖకు పంపుతారు. ఈ దశలో ఆగిపోయిన దరఖాస్తులే ఎక్కువ. దరఖాస్తు సంఖ్యతో ఈ-పాస్‌లో చూసుకుంటే అది ఎవరి దగ్గర ఉందో తెలిసిపోతుంది. ఆ సంఖ్య రాసిపెట్టుకున్న విద్యార్థులు మాత్రం కొద్దిమందే. ఒకసారి మంజూరైతే మూడేళ్లూ వస్తుందనుకోవడం ఇంకొక పొరపాటు. ఏటా రెన్యువల్ చేసుకోవాలి, హాజరు 75 శాతం ఉండాలి. పత్తి తీతల కాలంలో కూలికి వెళ్లి నెల రోజులు తరగతులకు రాని విద్యార్థి ఆ నెలలో సంపాదించిన దానికంటే ఎక్కువే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఈ లెక్క ముందే చెప్పేవారుంటే కొందరైనా ఆగుతారు.

డబ్బు వచ్చింది.. ఏ ఖాతాలోకి?

మంజూరైనట్లు కనిపిస్తుంది, బ్యాంకుకు వెళ్తే ఖాతా ఖాళీ. ఇలాంటి ఫిర్యాదులు అన్ని కళాశాలల్లోనూ వినిపిస్తుంటాయి. ఆధార్ ఆధారంగా జరిగే చెల్లింపులు పాసుపుస్తకం మీది నంబరును చూసి వెళ్లవు. ఆధార్‌తో చివరిసారి ఏ బ్యాంకు ఖాతాను అనుసంధానం చేశారో అందులోకే వెళ్తాయి. ఊళ్లోని గ్రామీణ బ్యాంకులో చిన్నప్పుడు తెరిచిన ఖాతా ఒకటి, ఇంటర్‌లో తెరిచినది మరొకటి, ఫోన్‌లో తెరిచిన చెల్లింపుల బ్యాంకు ఖాతా ఇంకొకటి ఉన్న విద్యార్థికి తన సొమ్ము ఎక్కడుందో తెలియకపోవడంలో వింతేమీ లేదు. పైగా రెండేళ్లపాటు లావాదేవీలు లేని ఖాతా స్తంభించిపోతుంది. బ్యాంకుకు వెళ్లి తన ఆధార్ ఏ ఖాతాకు జతపడి ఉందో అడిగి తెలుసుకోవడం, ఆ ఖాతాలో అప్పుడప్పుడు వందో, యాభయ్యో వేసి తీయడం ప్రతి విద్యార్థీ చేయాల్సిన పని.

ప్రైవేటు కళాశాలల్లో మరో ఇబ్బంది ఉంది. ప్రభుత్వం నుంచి రుసుం సకాలంలో రాకపోతే ఆ భారం పరోక్షంగా విద్యార్థిపై పడుతుంది. బకాయిలు చెల్లించాలని కోరుతూ 2024 అక్టోబరులో రాష్ట్రంలోని ప్రైవేటు డిగ్రీ, పీజీ కళాశాలలు తరగతులు నిలిపివేసి నిరసన తెలిపాయి. ప్రభుత్వ కళాశాలలో రుసుం స్వల్పం కాబట్టి ఈ బాధ అంతగా ఉండదు. కోర్సు ఒకటే అయినప్పుడు ఇంటికి దగ్గరని ప్రైవేటును ఎంచుకునేవారు ఈ విషయాన్నీ బేరీజు వేసుకోవాలి.

ఆదాయం కాస్త ఎక్కువైతే..

రెండెకరాల ఆసామికో, చిన్న కిరాణా కొట్టు యజమానికో ఆదాయ ధ్రువపత్రంలో పరిమితి దాటిన అంకె వస్తే ఇక ఏ సాయమూ అందదని నిరాశపడుతున్నారు. అది సరి కాదు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్రం ఇచ్చే ప్రతిభా ఉపకార వేతనం ఒకటుంది. ఇంటర్ బోర్డు పరీక్షలో 80వ పర్సంటైల్ దాటినవారు, అంటే సుమారుగా పై అయిదో వంతులో నిలిచినవారు, కుటుంబ ఆదాయం రూ.4.50 లక్షలలోపు ఉంటే దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైతే డిగ్రీ మూడేళ్లూ ఏటా రూ.12 వేలు లభిస్తాయి. సగం ఉపకార వేతనాలు అమ్మాయిలకే. అయితే రాష్ట్ర ప్రభుత్వ ఉపకార వేతనం, రుసుం చెల్లింపు పొందుతున్నవారు దీనికి అనర్హులు. కాబట్టి రెండింటికీ దరఖాస్తు చేసి చూద్దామనుకోవడం కుదరదు. మార్కులుండీ ఈ పథకం పేరే వినని విద్యార్థులు ఎందరో!

రోజుకు రూ.70తో మూడు పూటలు

ఊరు దూరమైనవారికి ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల కళాశాల వసతిగృహాలే దిక్కు. ఇంటర్ నుంచి పీజీ వరకు చదివే విద్యార్థికి నెలకు రూ.1,500గా ఉన్న భోజన ఖర్చును 2024లో రాష్ట్ర ప్రభుత్వం 40 శాతం పెంచి రూ.2,100 చేసింది. రోజుకు లెక్కిస్తే రూ.70. ఉదయం ఉప్మా మొదలుకొని రాత్రి అన్నం వరకు అన్నీ అందులోనే సర్దాలి. పెంపునకు ముందు రూ.50తో ఎలా నెట్టుకొచ్చారో వార్డెన్లకే తెలియాలి. వసతిగృహంలో చేరిన విద్యార్థికి నిర్వహణ భత్యం చేతికి రాదు, అది భోజనం కిందే సర్దుబాటవుతుంది. ఈ సంగతి తెలియక భత్యం రాలేదని కళాశాల కార్యాలయం చుట్టూ తిరిగేవారున్నారు.

అన్నింటినీ శాసించేది బస్సు వేళే

డిగ్రీ కళాశాలలో చదువంటే తరగతి గది ఒక్కటే కాదన్నది కాగితం మీద మాట. వాస్తవానికి గ్రామీణ విద్యార్థికి కళాశాల జీవితం ఎంతసేపన్నది ఆఖరి బస్సు నిర్ణయిస్తుంది. నాలుగింటి బస్సు తప్పితే మళ్లీ ఏడింటికే అన్న ఊళ్ల నుంచి వచ్చేవారు వ్యాసరచన పోటీకి ఉండలేరు, కబడ్డీ సాధనకు ఆగలేరు, గ్రంథాలయంలో కూర్చోలేరు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయిలకు ఛార్జీల బెడద తప్పింది. బస్సుల సంఖ్య చాలని చోట వారు ఫుట్‌బోర్డు మీద నిలబడి రావలసి వస్తోంది. అబ్బాయిలు ఆర్టీసీ పాసు తీసుకోవాలి. ఆన్‌లైన్ దరఖాస్తును కళాశాల ధ్రువీకరించాకే పాసుల కౌంటర్‌లో అది చేతికొస్తుంది. జూన్, జులైలలో ఆ ధ్రువీకరణ నాలుగు రోజులు ఆలస్యమైతే నాలుగు రోజులూ టికెట్టు కొనాల్సిందే.

ఇన్ని అవరోధాల నడుమ కూడా ఉత్సాహంగా పాల్గొనేవారికి అవకాశాలు లేకపోలేదు. జడ్చర్లలోని డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణను చూస్తే ఇది అర్థమవుతుంది. అక్కడ వృక్షశాస్త్ర అధ్యాపకులు, విద్యార్థులు కలిసి పెంచిన ఉద్యానం తెలంగాణ బొటానికల్ గార్డెన్‌గా పేరు తెచ్చుకుంది. పుస్తకంలో బొమ్మగా చూసే మొక్క పేరును మొక్క ముందు నిలబడి నేర్చుకునే వీలు చాలా ప్రైవేటు కళాశాలల్లో లేదు. కళాశాల విద్యాశాఖ నిర్వహించే 'యువతరంగం' సాంస్కృతిక, క్రీడా పోటీలు, విద్యార్థులు తమ చుట్టూ ఉన్న సమస్యలపై అధ్యయనం చేసి సమర్పించే 'జిజ్ఞాస' ప్రాజెక్టులు కూడా పల్లె విద్యార్థికి వేదికలే. చెరువు, సంత, వలస గురించి పట్టణ విద్యార్థి పుస్తకాల్లో వెతుక్కోవాలి. పాలమూరు విద్యార్థికి అవి ఇంటి ముంగిటి సంగతులు.

1969లో గాంధీ శతజయంతి సందర్భంగా 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన జాతీయ సేవా పథకం ఇప్పుడు దాదాపు ప్రతి ప్రభుత్వ కళాశాలలోనూ ఉంది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తి చేస్తే ధ్రువపత్రం ఇస్తారు. ఎన్‌సీసీ ఉన్న కళాశాలల్లో చేరినవారికి మరో మార్గం ఉంది. 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే సైన్యంలో అధికారి కొలువుకు ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశం కింద రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకు దరఖాస్తు చేయవచ్చు. ఎన్‌సీసీలో పేర్లు మొదటి ఏడాదే ఇవ్వాలి. రెండో ఏడాది తెలిస్తే ఉపయోగం లేదు.

మెంటారు మారితే మొదటికి..

ప్రతి అధ్యాపకుడికీ కొందరు విద్యార్థులను అప్పగించి వారి హాజరు, మార్కులు, ఇంటి పరిస్థితులు కనిపెట్టుకొని ఉండమనే మెంటారు విధానం ప్రభుత్వ కళాశాలల్లో ఉంది. న్యాక్ బృందం వచ్చినప్పుడు చూపే రిజిస్టరుగానే ఇది మిగిలిన చోట ప్రయోజనం శూన్యం. వారం రోజులు రాని విద్యార్థి ఇంటికి ఒక్క ఫోన్ చేసే అధ్యాపకుడున్న చోట మానేసేవారు తగ్గుతారు. ఖాళీ పోస్టుల్లో అతిథి అధ్యాపకులను విద్యాసంవత్సరం వారీగా తీసుకుంటున్నందున ఏడాది తిరిగేసరికి మెంటారు మారిపోతున్నారు. విద్యార్థి తన కష్టం మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. చెప్పుకోవడానికి సిగ్గుపడే పిల్లలు రెండోసారి చెప్పరు.

మనసు బాగోలేనప్పుడు మాట్లాడేందుకు కేంద్రం 2022 అక్టోబరులో టెలి-మానస్ సేవను ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ర్యాగింగ్‌పై ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. యూజీసీ జాతీయ సహాయ కేంద్రం నంబరు 1800-180-5522 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. లైంగిక వేధింపులపై విచారణకు ప్రతి కళాశాలలో అంతర్గత కమిటీ ఉండాలని యూజీసీ 2015 నిబంధనలు చెబుతున్నాయి. అందులో ఎవరున్నారో గోడ మీద రాసి ఉందో లేదో అమ్మాయిలు తొలివారంలోనే చూసుకోవాలి. ఇతర సమస్యలకు 2023 నిబంధనల ప్రకారం ఏర్పాటైన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడా న్యాయం జరగకపోతే విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌ను ఆశ్రయించవచ్చు.

దివ్యాంగ విద్యార్థులు పరీక్షలు దగ్గరపడ్డాక హడావుడి పడుతుంటారు. రాయలేనివారికి సహాయకుడు, గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలన్నమాట. ఇందుకు పరీక్ష రుసుం కట్టే సమయంలోనే ధ్రువపత్రాలతో ప్రిన్సిపల్‌కు దరఖాస్తు ఇవ్వాలి.

చదువు మధ్యలో మానేయాల్సి వచ్చినా, మరో కళాశాలకు మారాలనుకున్నా పదో తరగతి, ఇంటర్ అసలు మెమోలు అడ్డం పెట్టుకొని యాజమాన్యాలు ఆపరాదు. ప్రవేశ సమయంలో అసలు పత్రాలను పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లో స్పష్టం చేసింది. చేరే రోజున జిరాక్సు ప్రతులు రెండు జతలు వెంట తీసుకెళ్లి, అసలువి ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే తేదీ, సంతకంతో రసీదు అడిగి తీసుకోవాలి.