మందు మాన్పించాలంటే గదిలో పెట్టి తాళం వేస్తే సరిపోతుందా? రిహాబ్ ఎప్పుడు, ఎవరికి: ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్

ఒక తమ్ముడు మెయిల్ పెట్టాడు. "అన్నా, మా నాన్న పదిహేనేళ్లుగా రోజూ తాగుతాడు. బాటిల్స్ అన్నీ పారేసి, మూడు రోజులు గదిలో పెట్టి తాళం వేద్దాం అనుకుంటున్నాం. నాలుగో రోజుకి అలవాటు పోతుంది కదా?"

పోదు తమ్ముడూ. పైగా ఆ మూడు రోజులే అన్నిటికంటే డేంజర్. అందుకే ముందు అదే మాట్లాడుకుందాం.

ఆల్కహాల్ బ్రెయిన్‌ని స్లో చేస్తుంది. రోజూ తాగే మనిషి బ్రెయిన్ దాన్ని తట్టుకోవడానికి తన స్పీడ్ పెంచుకుంటుంది. బ్రేక్ తొక్కి పట్టుకుని, ఇంకో చేత్తో యాక్సిలరేటర్ ఫుల్‌గా తిప్పిన బండి అనుకోండి. ఒక్కసారిగా బ్రేక్ వదిలేస్తే ఏమవుతుంది? అదే విత్‌డ్రాయల్.

ఆఖరి పెగ్గు తర్వాత ఆరేడు గంటలకే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవ్వొచ్చు. నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొంతమందికి డెలీరియం ట్రెమెన్స్ అనేది వస్తుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, ఇంట్లో ఉండి కూడా ఎక్కడున్నారో తెలియదు. మనవాళ్లు ఇది చూసి "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించడానికి బయల్దేరతారు. అది ప్రాణం మీదకొచ్చే ఎమర్జెన్సీ అండీ. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇదంతా మనం కళ్లారా చూసిందే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే వైన్స్, కల్లు దుకాణాలు ఒకేసారి మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం వరస కట్టారు. అందులో కల్లు తాగేవాళ్లు కూడా చాలామంది. కల్లుకి అంత సీనుందా అంటారేమో. చెట్టు మీద నుంచి దించిన కల్లు వేరు, కల్తీ కల్లు వేరు. కల్తీ దాంట్లో అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. అంటే పెద్దాయన తాగేది కల్లే, ఒంటికి అలవాటైంది మాత్రం ట్యాబ్లెట్. కాబట్టి డాక్టర్ దగ్గర పరువు చూసుకోకండి. ఏం తాగుతారు, ఎంత తాగుతారు, ఆఖరిసారి ఎన్ని గంటలకి తాగారు, ఉన్నదున్నట్టు చెప్పండి.

మరి హాస్పిటల్లో ఏం చేస్తారు? ఫస్ట్ స్టెప్ డీటాక్స్, ఎక్కువమందికి వారం పది రోజులు. ఫిట్స్ రాకుండా మందులిచ్చి, డోస్ రోజూ కొంచెం కొంచెం తగ్గిస్తూ ఆపుతారు. దాంతో పాటు బీ1 విటమిన్, అంటే థయమిన్ ఇస్తారు. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు. బాగా తాగేవాళ్లలో బీ1 తక్కువగా ఉంటుంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఎవరో ఒట్టి గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే రిస్క్ ఉంది. బీ1 ఇచ్చారా అని మీరే అడగండి.

డీటాక్స్ అయిపోయింది, ఇంక మనిషి ఫ్రెష్ అనుకుంటారు చాలామంది. ఫోన్‌కి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినట్టు ఉండదిది. ఒంట్లోంచి మందు పోయింది, మనసులోంచి పోలేదు. అసలు రిహాబ్ అక్కడ మొదలవుతుంది: కౌన్సెలింగ్, ఫ్యామిలీతో సిట్టింగ్స్, సాయంత్రం ఏడింటికి కాళ్లు వైన్స్ వైపు లాగినప్పుడు ఏం చేయాలనే ప్రాక్టీస్. తాగాలనే కోరిక తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. ఎవరికి ఏది అన్నది లివర్, కిడ్నీలు చూసి డాక్టరే చెప్తారు.

డైసల్ఫిరామ్ మాత్రం వేరే టైపు. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోవచ్చు. ఆ భయంతోనే మానేస్తారని కొన్ని ఇళ్లలో చెప్పకుండా సాంబార్లో కలిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తెలియక ఆయన క్వార్టర్ వేస్తే ప్రాణం పోవచ్చు. ట్యాబ్లెట్ ఆపిన రెండు వారాల దాకా కూడా రియాక్షన్ రావచ్చు. "వాసన లేదు, రుచి లేదు, వాళ్లకి తెలియకుండానే మాన్పించే పౌడర్" అని రీల్స్‌లో అమ్మేదాంట్లో ఏం కలిపారో మనకేం తెలుసు? నా వరకు అలాంటి యాడ్ కనిపిస్తే రిపోర్ట్ కొట్టడమే.

సరే, ఎప్పుడు వెళ్లాలి? డాక్టర్లు వాడే నాలుగు ప్రశ్నలున్నాయి. తగ్గించాలి అని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా తాగుడు గురించి అంటే చిరాకొచ్చిందా? తాగినందుకు గిల్టీగా ఫీలయ్యారా? పొద్దున్నే వణుకు తగ్గడానికో, హ్యాంగోవర్ పోవడానికో తాగారా? రెండింటికి అవును అంటే డాక్టర్‌ని కలవాలి. నన్నడిగితే నాలుగోది ఒక్కటి ఉన్నా ఆగొద్దు.

కలవడం అంటే అడ్మిట్ అవ్వడమే అని కాదు. చాలామందికి ఓపీలో చూపించుకుని మందులు వాడితే సరిపోతుంది. ఇంతకు ముందు మానేసినప్పుడు ఫిట్స్ వచ్చినా, కామెర్లో గుండె జబ్బో ఉన్నా, చనిపోతానని అంటున్నా, ఇంట్లో చూసుకునేవాళ్లు లేకపోయినా అడ్మిషనే కరెక్ట్. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ డాక్టర్లు చేసి 2019లో ఇచ్చిన సర్వే ప్రకారం, మందుకి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక ట్రీట్‌మెంట్ అందుతోంది. మిగతా 37 ఇళ్లలో ఏం జరుగుతోందో మనకి తెలిసిందే.

ఆయన రానంటే? బలవంతంగా వ్యాన్‌లో ఎక్కించుకెళ్లే సెంటర్లు ఉన్నాయి, జాగ్రత్త. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ కిందకి మందు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా వస్తాయి. తనకో, ఇతరులకో ప్రమాదంగా మారినప్పుడు, లేదా తనని తాను చూసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు ఇష్టం లేకపోయినా చేర్చొచ్చు. కానీ ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్ట్ అయ్యుండాలి, మొదట 30 రోజులకి మించి ఉంచకూడదు. గొలుసులతో కట్టేయడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. "మూడు నెలలు ఫోన్ లేదు, చూడ్డానికి రావొద్దు, కొంచెం కొడితేనే దారికొస్తారు" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. చేర్చే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, రాత్రి ఫిట్స్ వస్తే చూసే డాక్టర్ ఎవరని అడగండి.

డబ్బుల్లేవని ఆగిపోవద్దు. ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, టెలీ మానస్ 14416. రెండూ ఫ్రీ, టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్స్ మన సిటీల్లో కూడా జరుగుతాయి, ఫీజు లేదు.

చివరిగా, రిహాబ్ నుంచి వచ్చిన రెండో నెల్లో ఏదో పెళ్లిలో మళ్లీ ఒక పెగ్గు వేశారనుకోండి. "లక్ష రూపాయలు బూడిదలో పోసినట్టే" అని ఇంట్లో గొడవ మొదలవుతుంది. షుగర్ పేషెంట్ స్వీట్ తింటే మందులు ఆపేస్తామా? మర్నాడే డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి, మందో డోసో మారుస్తారు. గొడవ పెట్టుకుంటే ఆయన రెండో పెగ్గు దాచుకుని తాగుతారు, మీకు తెలిసేసరికి రోజూ తాగడం మళ్లీ మొదలైపోయి ఉంటుంది.

గంజాయి గురించి అడిగినవాళ్లకి నెక్స్ట్ ఎపిసోడ్‌లో చెప్తా. అందులో లా పాయింట్స్ ఎక్కువ ఉన్నాయి, ఇక్కడ కలిపితే కన్‌ఫ్యూజ్ అవుతారు.