ఫిట్‌నెస్ లేని బండికి బీమా ఉన్నట్టా, లేనట్టా?

సెలవు రోజుల్లో మన హాస్టల్ గేటు ముందు ఆగేవి ఎక్కువగా ఆటోలే. కొందరి నాన్నలు, అన్నలు వాటి మీదే బతుకుతున్నారు. మిరప కోతల కాలంలో మధిర చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తెల్లవారకముందే కూలీలను చేలకు చేర్చేవీ అవే. ఆ ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఎఫ్.సి. అయిపోతే ఏముందిలే, ఇన్సూరెన్స్ ఉందిగా!" అందులో ఎంత నిజం ఉందో చూద్దాం.

కిరాయికి తిరిగే బండి, సరుకు మోసే బండి రోడ్డెక్కడానికి తగినవేనని చెప్పే కాగితమే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. కొత్త బండికి రెండేళ్ళు ఉంటుంది. బండికి ఎనిమిదేళ్ళు వచ్చేవరకు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. సొంత కారుకైతే పదిహేనేళ్ళు నిండాక తనిఖీ చేసి, రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకు పొడిగిస్తారు. బ్రేకులు, స్టీరింగ్, లైట్లు, టైర్లు, పొగ అన్నీ చూస్తారు. ఆ ఒక్క రోజుకు పక్కవాళ్ళ టైర్లు అడిగి తెచ్చి బిగించుకుని వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పాస్ చేస్తాడేమో గానీ, సాయంత్రం మళ్ళీ ఆ అరిగిన టైర్లమీదే మనవాళ్ళను ఎక్కించుకోవాలి కదా!

తనిఖీలో ఫెయిలైనంత మాత్రాన పాలసీ రద్దు కాదు. దాని మీద ఉన్న తేదీ వరకు అది ఉంటుంది. చిక్కంతా వేరే చోట ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ లేని రవాణా వాహనానికి చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేనట్టే లెక్క. లోపాలు చూసి అధికారి సర్టిఫికెట్ రద్దు చేస్తే, కొత్తది తెచ్చుకునేదాకా ఆర్సీ, పర్మిట్ రెండూ సస్పెండ్ అయినట్టే. పైగా ఫెయిలైన బండి లోపం కాగితం మీదికి ఎక్కుతుంది. తర్వాత "మాకు తెలియదు" అనడానికి వీలుండదు.

అలాంటి బండికి ప్రమాదం జరిగితే మన సొంత నష్టానికి డబ్బు రావడం కష్టమే. రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండి విషయంలో కంపెనీ చెల్లించనక్కర్లేదని 2014లో నరీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండిని మంచి కండిషన్‌లో ఉంచాలనే షరతు పాలసీలోనే ఉంటుంది కూడా.

దెబ్బతిన్నవారి పరిహారం సంగతి ఇంకా ముఖ్యం. చాలా కేసుల్లో ట్రిబ్యునల్ ముందు కంపెనీ చేతనే కట్టిస్తుంది. అంతటితో గండం గట్టెక్కిందనుకుంటారు. కానీ ఆ డబ్బు యజమాని నుంచి తిరిగి రాబట్టుకోమని అదే తీర్పులో చెప్పవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు విషయంలో 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారి వివరించింది. ఫిట్‌నెస్ లేకపోవడమూ మౌలికమైన ఉల్లంఘనేనని 2018లో కేరళ హైకోర్టు ఫుల్ బెంచ్ తీర్పిచ్చింది. అన్ని హైకోర్టులూ ఒకేలా చెప్పలేదు. అయినా ఆటో కిస్తీలే కట్టలేని ఇంటికి లక్షల రూపాయల రికవరీ నోటీసు వస్తే ఏమవుతుంది? ఇల్లో, ఎకరం పొలమో పోతుంది. పిల్లల చదువు ఆగుతుంది.

పొల్యూషన్ కాగితం మాత్రం వేరు. అది లేదన్న ఒక్క కారణంతో క్లెయిమ్ నిరాకరించరాదని బీమా నియంత్రణ సంస్థ 2020లో స్పష్టం చేసింది.

తమ్ముళ్ళూ, ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆటోలోని కవరు తీసి ఆర్సీ, ఎఫ్.సి., పాలసీ మూడింటి మీదా తేదీలు చదవండి. నాన్నకు చదువు రాకపోతే మీరే చదివి చెప్పండి. పాలసీకి ఇంకా గడువుండి ఎఫ్.సి. దాటిపోయి ఉంటే, రిపేరు చేయించి మళ్ళీ తనిఖీ అయ్యేదాకా బండిని కిరాయికి తిప్పొద్దనండి.