పొట్టి మాటల గట్టి పట్టు

బ్రిటన్‌లో ఆసుపత్రికి వచ్చిన రోగి, తాను ఉదయం ‘పాస్ అవుట్’ అయ్యానని చెప్పవచ్చు. గుంటూరులోనో వరంగల్లులోనో వైద్యం చదివి అక్కడికి వెళ్లిన యువ వైద్యుడికి ఆ మాట కొత్త కాదు. ఫలానా సంవత్సరంలో కళాశాల నుంచి పాస్ అవుట్ అయ్యామనడం మన దేశంలో వాడుకే. కాని రోగి చెబుతున్నది పట్టా సంగతి కాదు, స్పృహ తప్పిన సంగతి. తిరిగి తెలివి రావడం ‘కమ్ రౌండ్’. ‘పాస్ అవే’ అంటే మరణించడం! ‘త్రో అప్’ అంటే వాంతి చేసుకోవడం. రోగి ఆ మాటే అన్నా, కేస్‌షీటులో ‘వామిటింగ్’ అనే రాయాలి.

క్రియకు ఇటువంటి చిన్న పదం చేరి కొత్త అర్థం ఏర్పడితే దానిని ‘ఫ్రేజల్ వెర్బ్’ అంటారు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన గ్రంథంలో ఈ పేరు వాడాడు. దానిని సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. చిక్కు మాత్రం అంతకన్న పాతది. విదేశీయులను అన్నిటికన్న ఎక్కువగా బాధించేవి ఈ జంట మాటలేనని సామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించాడు.

మనకు ఇంగ్లీషు సాధారణంగా పాఠ్యపుస్తకం ద్వారా వస్తుంది. అందువల్ల ‘పోస్ట్‌పోన్’, ‘టాలరేట్’ వంటి లాటిన్ మూలపు మాటలు ముందు అలవడతాయి; ఇంగ్లీషువారు ఇంట్లో వాడుకునే ‘పుట్ ఆఫ్’, ‘పుట్ అప్ విత్’ తడబాటు కలిగిస్తాయి. నిజానికి ఈ కిటుకు తెలుగువారు ఎరగనిది కాదు. ఒక వాదనను కొట్టిపారేశారంటే, అక్కడ కొట్టడమూ లేదు, పారవేయడమూ లేదు. చాలీచాలని జీతంతో సంసారం నెట్టుకొస్తున్నాడంటే ఎవరూ దేనినీ నెట్టడం లేదు. ఇంగ్లీషులో దానికి సరిజోడు ‘గెట్ బై’. ఈ మాటలను మనం ముక్కలు చేసి నేర్చుకోలేదు, సందర్భంతో సహా విని పట్టుకున్నాం. ఇంగ్లీషు జంట మాటలకూ అదే దారి.

సభను ‘పుట్ ఆఫ్’ చేస్తే మరో రోజు జరుగుతుంది. ‘కాల్ ఆఫ్’ చేస్తే ఇక జరగదు. ‘టర్న్ డౌన్’ అనేది రేడియో విషయంలో ధ్వని తగ్గించడం, ఉద్యోగం విషయంలో వద్దనడం. పేరుకు బదులు ‘ఇట్’ వచ్చినప్పుడు అది నడుమ చేరాలి: ‘టర్న్ ఇట్ డౌన్’ అనాలే గాని ‘టర్న్ డౌన్ ఇట్’ అనరాదు. అయితే ‘లుక్ ఆఫ్టర్’ వంటివి విడివడవు. అక్కడ ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనడమే ఒప్పు.