దివిసీమ తీరంలో సముద్ర తాబేళ్ల సంరక్షణ – స్వచ్ఛంద కార్యకర్తల పాత్ర

కృష్ణానది సాగరంలో కలిసే దివిసీమ తీరం ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే స్థావరాలలో ఒకటి. హంసలదీవి, నాగాయలంక ప్రాంతాలలో అటవీశాఖ చేపట్టే సంరక్షణలో స్థానిక మత్స్యకార యువత పాలుపంచుకుంటున్నది. 2002లో చెన్నైలో ఏర్పడిన ట్రీ ఫౌండేషన్ వంటి స్వచ్ఛంద సంస్థలు ఆంధ్ర తీరంలో మత్స్యకారులకే ఈ పనిలో శిక్షణ ఇస్తున్నాయి.

తాబేలు ఒక్కో గూటిలో దాదాపు వంద గుడ్లు పెడుతుంది. వాటిని కుక్కలు, నక్కలు తవ్వి తినకుండా, కార్యకర్తలు రాత్రివేళ తీరం వెంబడి నడిచి, జాడలను బట్టి గూళ్లను గుర్తించి, గుడ్లను కంచె వేసిన సంరక్షణ కేంద్రానికి చేరుస్తారు. గుడ్డు పెట్టిన కొద్ది గంటలకే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తరువాత గుడ్డు తిరగబడితే పిండం చనిపోయే ప్రమాదం ఉన్నది. అందువల్ల ఈ పనిలో జాప్యం పనికిరాదు. సుమారు 45 నుంచి 60 రోజులలో వెలువడే పిల్లలను సముద్రంలోకి విడిచిపెడతారు.

అయితే తీరంపై శ్రమ ఒక్కటే చాలదు. శ్వాస కోసం పైకి రావలసిన తల్లి తాబేళ్లు ట్రాల్ వలలలో చిక్కి ఊపిరాడక మరణిస్తున్నాయి. ఏటా ఏప్రిల్ 15న వేట నిషేధం ప్రారంభమయ్యే నాటికి గుడ్లు పెట్టే కాలం చాలావరకు ముగుస్తుంది. కావున తాబేళ్లు తప్పించుకునే పరికరాలను వలలకు అమర్చడం అత్యవసరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం తాబేళ్లను చంపడం, గుడ్లను అపహరించడం శిక్షార్హం.